మంచాలలో పాత తలుపుల కోసం

కొంగరకలాన్‌లో ఇల్లు కట్టుకుంటున్నాం. దానికి గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్ తెస్తానని చుట్టాలందరికీ చాటింపు వేసింది నేనే. బూడిద ఇటుకలు వాడాం, ఇంకుడు గుంత తవ్వించాం, అయినా ఒక్క పాయింటు తక్కువైంది. "రాకపోతే ముందు గోడకు నేను చెప్పిన గ్రానైటే" అని మా ఆయన పందెం కాశారు. నెమలి రంగులో మెరిసే ఆ గ్రానైట్ నాకు అస్సలు నచ్చదు! కూల్చిన ఇళ్ల తలుపులు వాడితే ఆ పాయింటు వస్తుందని మా కన్సల్టెంట్ చెప్పింది. గడువుకు ముందు రోజు ఫోన్ చేసి, రేపు సాయంత్రం ఐదులోపు ఫొటోలు పంపాలి, చూడగానే పాతవని తెలియాలి అంది.

తలుపులు ముందే చూసిపెట్టాను. అంతకు పది రోజుల ముందు, ఇబ్రహీంపట్నం దగ్గరి మంచాల ఊళ్లో పాత కలప అమ్మే ఖాజా అన్నకు బయానా ఇచ్చాను. టేకు జత, చౌకట్టుతో సహా. గడపకు పసుపు మరకలు, రెక్కల మీద పోలియో చుక్కల వాళ్ల సుద్ద గీతలు. ఫొటో తీయాలన్న బుద్ధి మాత్రం అప్పుడు పుట్టలేదు.

మర్నాడు ఎల్బీనగర్‌లో ఉదయం ఎనిమిదింటికి బస్సెక్కితే ఇబ్రహీంపట్నం చేరేసరికి తొమ్మిది దాటింది. టికెట్ నలభై లోపే. బస్టాండు బయట బండి మీద ముప్పై రూపాయలకు ఇడ్లీ తిని, మంచాల ఆటో ఎక్కాను. సంగతి విని డ్రైవర్ నవ్వు ఆపుకోలేకపోయాడు.

"పాత తల్పు కోసం ఇంత దూరమొచ్చినవా అక్కా? మా ఇంట్ల గూడ ఉన్నది, తీస్కపో. నాకు కొత్తది జేపియ్యి!"

ఖాజా అన్న దుకాణంలో అడుగుపెట్టి చూద్దును కదా, తలుపులు అద్దంలా మెరుస్తున్నాయి. మరకలు లేవు, గీతలు లేవు, మేకుల బొక్కలకు లప్పం పెట్టేశాడు.

"జూడు అక్కా, రెండు దినాలు రుద్దిన! గట్లనే ఇస్తే నా ఇజ్జత్ ఏంగావాలె?"

"అయ్యో అన్నా, నాకు పాతగా కనబడడమే కావాలి!" అని గట్టిగా అరిచాను.

"పైసలిచ్చి పాతగ కనవడాల్నా? గిదేం షౌక్ అక్కా?"

ఏడుపొక్కటే తక్కువ. చెక్కల మీద కూలబడితే చాయ్ తెప్పించాడు. "ఒక్క గుర్తయినా మిగిల్చావా అన్నా?" అని బతిమాలాను. తల గోక్కుని చౌకట్టు పైభాగం చూపించాడు. అక్కడ పంచాయతీ వాళ్లు కొట్టిన ఇంటి నంబరు రేకు, తుప్పుతో సహా!

"గది సర్కారుది. పీకితే కేసైతదని కాయితం అంటిచ్చి సుట్టూత పాలిష్ కొట్టిన."

ఆయన కాళ్లకు దండం పెట్టాలనిపించింది. రేకును నాలుగు వైపుల నుంచీ ఫొటో తీశాను. అవి ఏ ఇంటి తలుపులో చెబుతూ ఖాజా అన్న చిట్టీ కూడా రాసిచ్చాడు. ఐదుకు పావుగంట ముందు కన్సల్టెంట్ నుంచి జవాబొచ్చింది, సరిపోతుందని.

సర్టిఫికెట్ వచ్చింది. మా ఆయన తెచ్చిన గ్రానైట్ నమూనా ముక్క మీద ఇప్పుడు చపాతీలు ఒత్తుతున్నాను, అదీ ఆయన ఎదురుగానే. ఖాజా అన్నను మాత్రం ఆ రోజు అనవసరంగా కోప్పడ్డాను. నేను పాయింటు చూసుకున్నాను, ఆయన తన మర్యాద చూసుకున్నాడు. మీరూ ఇలా పాత సామాను కొనబోతుంటే బయానా ఇచ్చిన రోజే ఫొటోలు తీసుకుని, ముట్టుకోవద్దని గట్టిగా చెప్పి రండి. మొన్న పాత కిటికీలకు బయానా ఇచ్చి నేనూ అదే చెప్పాను. అప్పటి నుంచి ఖాజా అన్న రోజూ ఫోన్ చేస్తున్నాడు: "జర దుమ్మన్న తుడువనియ్యి అక్కా!"