అందరికీ ఒకే కోటు

ఆ పేటలో పోయిన మగాళ్ళందరికీ ఒకటే కోటు. ముదురు నీలం, మూడు గుండీలు, పైజేబులోంచి తొంగిచూసే తెల్ల రుమాలు. బతికుండగా చొక్కా పైగుండీ పెట్టుకోవడానికి కూడా బద్ధకించినవాడు, పోయి వారం తిరక్కుండానే కోటేసుకుని గోడెక్కి పెద్దమనిషైపోతాడు. ఆ పెద్దరికం ప్రసాదించేది రంగులక్క.

బస్టాపు ఎదురుగా మేడమెట్ల కింద చిన్న గది, అదే ఆవిడ స్టూడియో. అందులో ఓ కంప్యూటరు, దాని ముందు పలకలాంటి టాబ్లెట్, ఓ ప్లాస్టిక్ పెన్ను. పలకమీద గీస్తే తెరమీద పడుతుంది. జనం పాత ఫొటోలు పట్టుకొస్తారు. కొన్ని మడతలు పడ్డవి, కొన్ని పురుగు తిన్నవి, కొన్నిట్లో సగం మొహం మీద టీ మరక. వాటిని స్కాన్ చేసి, మడతలు చెరిపి, నలుపు తెలుపుల మీద రంగులద్ది, మనిషిని మళ్ళీ మనిషిని చేస్తుంది. చర్మం ఒక లేయరు, జుట్టు ఒక లేయరు, అన్నిటికన్నా పైన కోటు. ప్రతిసారీ కొత్త కోటు గీసే ఓపిక ఎవరికుంది? పద్నాలుగేళ్ళ కిందట ఎవరో బ్యాంకు మేనేజరు ఫొటోలోంచి కత్తిరించి దాచుకుంది. తలలు మారతాయి, కోటు మారదు. పక్కపక్క ఇళ్ళలో అదే కోటు వేలాడుతున్నా ఇన్నేళ్ళలో ఒక్కరూ కనిపెట్టలేదు. ఏడ్చేవాళ్ళు కోటు చూస్తారా!

చూసింది రంగులక్క నాన్న. ఆయన నలభై ఏళ్ళు టైలరు. చేతులు వణికి సూదిలో దారం ఎక్కకపోయేసరికి, నాలుగేళ్ళ కిందట కత్తెర పక్కన పెట్టేశాడు. కోపం మాత్రం పక్కన పెట్టలేదు, అది ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. తన కుట్టుతో సహా దేన్నీ "బాగుంది" అన్న పాపాన పోలేదు. కొత్త చొక్కా తొడుక్కుని అద్దం ముందు మురిసిపోతున్నవాడితో కూడా "ఉతికాక చూద్దాం" అనేవాడు. కూతురు చిన్నప్పుడు బొమ్మ గీసి చూపిస్తే అదే మాట. పరీక్ష మార్కులకీ అదే మాట. స్టూడియో తెరిచిన రోజూ అదే. మార్కుల్ని ఎలా ఉతుకుతారో ఆవిడకి ఇప్పటికీ తెలీదు. నలభై రెండేళ్ళొచ్చాక కూడా ఆ మనిషి నోట ఒక్క మంచిమాట కోసం చెవులు రిక్కించుకుని ఉండటం ఆవిడకి సిగ్గుగానే ఉండేది. అయినా ఆశ చావలేదు.

ఆ మధ్య ఆయన రెండు కళ్ళకీ శుక్లాలు తీయించుకున్నాడు. కొత్త చూపుతో మొట్టమొదట వెళ్ళింది పరామర్శకి. తాళాలు బాగుచేసే స్నేహితుడు పోయాడు. ఆ ఇంట్లో అందరూ తలలు దించుకుని కూర్చుంటే ఈయన తిన్నగా గోడ దగ్గరికెళ్ళి, ఫొటోకి ముక్కు ఆనించినంత పని చేసి, "వీడికి ఆడవాళ్ళ కోటు తొడిగిందెవరు?" అన్నాడు. పోయినాయన కోడలు నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరిగెత్తింది.

అక్కణ్ణించి నేరుగా స్టూడియోకి వచ్చాడు.

"కుడిపక్క ఎడమపక్క మీదకెక్కింది. పైజేబు కుడివైపుంది. మగాడి కోటుకి ఎడమపక్క పైకి రావాలి, జేబు గుండె మీదుండాలి. టైలరు కూతురివి, ఆమాత్రం తెలీదటే?"

రంగులక్క ఫైలు తెరిచి చూసింది. అప్పట్లో మొదటి ఫొటోలో మొహానికి వెలుగు రెండోవైపు నుంచి పడిందని కోటుని అద్దంలో బొమ్మలా తిప్పి, అలాగే సేవ్ చేసేసింది. పద్నాలుగేళ్ళుగా పేటలోని పెద్దమనుషులంతా ఆడవాళ్ళ కోట్లలో గంభీరంగా నిలబడి ఉన్నారు.

"తిప్పేస్తాలే నాన్నా. ఒక్క క్లిక్కు."

"తిప్పితే సరిపోతుందా? ఆ భుజాలు చూడు, జారిపోతున్నాయి. బ్యాంకువాడి కొలతలు తాళాలవాడికి ఎలా సరిపోతాయే? కొత్తది కుట్టాలి."

"కుట్టడం కాదు నాన్నా, గియ్యడం."

"ఏదో ఒకటి. నే చెప్తా, నువ్వు చెయ్యి."

మర్నాటి నుంచి రోజూ మధ్యాహ్నం మెడలో టేపుతో దిగేవాడు. తెరమీద టేపు పెట్టి భుజాలు కొలిచేవాడు. ఆవిడ గుండీ గీయడానికి బొమ్మ పెద్దది చేసిందో, "బట్ట ఇలా సాగిపోతే నేనెలా చచ్చేది!" అని కేకలు. లైనింగ్ వెయ్యమన్నాడు. లోపలి జేబు పెట్టమన్నాడు.

"ఎవరికీ కనపడదు నాన్నా."

"కుట్టినవాడికి కనపడుతుంది."

నోరు మూసుకుని అడుగున ఓ లేయరు పెట్టి, దానిలో జేబు గీసి, పైన కోటు కప్పేసింది. పోయినవాళ్ళు అందులో ఏం దాచుకుంటారో అడగలేదు.

చిక్కంతా కాలరు మడత దగ్గర వచ్చింది. భుజం మీంచి మొదటి గుండీ దాకా దిగే ఆ వంపు ఆవిడ పంతొమ్మిదిసార్లు గీసింది. పంతొమ్మిదిసార్లూ ఆయన "ఊహూఁ" అన్నాడు. ఇరవయ్యోసారికి ఆవిడకి ఒళ్ళు మండింది.

"అయితే నువ్వే గీసి చూపించు!"

ఆయన పెన్ను తీసుకున్నాడు. సిరాలో పడి లేచిన చీమ నడిచినట్టొచ్చింది గీత. ఆయన పెన్ను కిందపెట్టి, రెండు చేతులూ తొడల కింద దాచుకున్నాడు. తిట్టకుండా కూర్చున్న నాన్నని చూడటం ఆవిడ వల్ల కాలేదు. ఎందుకన్నానురా భగవంతుడా అనుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది. గీతలో అదురు తీసేసే ఏర్పాటు ఒకటి ఉంది ఆ సాఫ్ట్‌వేర్‌లో. తను పది దగ్గర పెట్టుకుంటుంది. దాన్ని వందకి తోసేసింది.

"ఇంకోసారి, నాన్నా."

"వద్దులే."

"నా మాట విని ఇంకోసారి."

గీశాడు. చెయ్యి వణుకుతూనే ఉంది. గీత మాత్రం పెన్ను వెనకే కాస్త ఆలస్యంగా, తొణక్కుండా భుజం మీంచి గుండీ దాకా దిగింది.

"ఇది నేను గీసిందేనా?"

"నీదే."

"అబద్ధాలాడకు."

"వణుకు ఇది తీసేస్తుంది. వంపు నీదే. ఆ వంపు రాకే కదా ఇందాకణ్ణించీ తిట్లు తింటున్నాను!"

ఆయన మళ్ళీ పెన్ను అందుకున్నాడు. రెండో పక్క కూడా తనే గీశాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని, ఆపరేషన్ చేసిన డాక్టర్ని కాసేపు తిట్టాడు.

ఎనిమిదో రోజుకి కోటు పూర్తయింది. తాళాలాయన ఫొటో తెరిచి తొడిగింది రంగులక్క. ఆయనకి భుజాలొచ్చాయి. జేబు గుండె మీదికి చేరింది. నాన్న కుర్చీ ముందుకి లాక్కుని, బట్ట నాణ్యం చూసినట్టు రెండు వేళ్ళతో తెరని రుద్దాడు. వినబోయేదేంటో ఆవిడకి తెలుసు. 'ఉతికాక చూద్దాం' అని తనలో తనే అనేసుకుంది కూడా, ఆయన అంటే దెబ్బ తక్కువ తగులుతుందని.

"దీన్ని ఉతకక్కర్లేదు" అన్నాడు నాన్న.

రంగులక్క సేవ్ నొక్కింది. మళ్ళీ నొక్కింది. మూడోసారీ నొక్కింది.

"ఎందుకే అన్నిసార్లు?"

"పోతుందేమోనని" అంది, తెరమీంచి తల తిప్పకుండా.