నాన్న ఇంటూ కొట్టిన స్టూలు

మా ఇంట్లో బకెట్టు మీద ఇంటూ గుర్తు ఉంటుంది. గొడుగు పిడి మీద ఉంటుంది. టార్చి మీద, ఇస్త్రీపెట్టె మీద, కిందటేడు కొన్న కుక్కరు మూత మీద కూడా. కొత్తగా వచ్చినవాళ్ళు ఇదేదో దిష్టి తగలకుండా చేసే పద్ధతి అనుకుంటారు. నేనూ కాదనను. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక చుట్టానికి, ఈ ఊరి దొంగలు ముందు ఇలా గుర్తులు పెట్టుకుని వెళ్ళి తరవాత తీరిగ్గా వస్తారని చెప్పాను. ఉన్నన్నాళ్ళూ ఆయన సంచి తలకింద పెట్టుకునే పడుకున్నాడు.

అసలు సంగతి ఏమిటంటే, నాన్న ఈ ఊరి ఉక్కు కార్ఖానాలో ఇన్‌స్పెక్టరుగా పనిచేశారు. తయారై వచ్చిన ఉక్కు పలకలను చూసి, తట్టి, వంకరో పగులో కనిపిస్తే లావాటి పసుపు సుద్దతో ఇంటూ కొట్టడం ఆయన పని. ఆ గీత పడిన పలక గేటు దాటేది కాదు. ఒకసారి నాన్న సుద్ద చేతులతో గూడ్సు బండిని ఆనుకుని నిలబడితే, ఆ మరక చూసి బండినే స్టేషన్ దాటనివ్వలేదని నేను బడిలో చెప్పేవాణ్ణి. నమ్మినవాళ్ళున్నారు. యాభై దగ్గరపడినా ఆ కథ మానలేదు. బండికి ఇంకో నాలుగు పెట్టెలు తగిలించాను, అంతే.

రిటైరయ్యాక నాన్న సుద్దతో సహా ఇంటికొచ్చేశారు. కొన్న ప్రతి వస్తువూ ముందు ఆయన చేతికి వెళ్ళేది. మొదట్లో ఎప్పుడో ఒకదానికి ఇంటూ పడేది. రానురాను పడనిది కనిపించకుండా పోయింది. బకెట్టు పిడి నీళ్ళు మోయకముందే ఊడుతుంది. గొడుగు వానని చూడగానే వెల్లకిలా పడుతుంది.

"ఆ సుద్దముక్క మా పెళ్ళిసూపులప్పుడు మా నాన్న సేతికి దొరకాల్సింది" అంటుంది అమ్మ.

"అప్పుడూ పాసయ్యేవోడినే. ఆ కాలం సరుకు" అంటారు నాన్న.

మా నవ్వులు స్టూలు దగ్గర ఆగాయి. నాన్న మోకాళ్ళు అరిగాయి. నిలబడి స్నానం చేయలేరు. పీట మీద కూర్చుంటే లేవలేరు. స్నానాలగదిలో ఆయన కూర్చునే ఇనుప స్టూలు, నా పెళ్ళికి ముందునుంచీ ఉన్నది, కాళ్ళు తుప్పుపట్టి రాలిపోయింది. దాని బదులు ప్లాస్టిక్ స్టూలు తెచ్చాను. అదీ కొత్తవాసన పోకముందే, ఒకరోజు ఆయన ఒళ్ళు రుద్దుకుంటుండగా కాలు పక్కకి పరిచేసింది. చప్పుడు విని తలుపు తోసుకుని వెళ్ళాను. గోడవార నేలమీద నాన్న, ఒంటినిండా సబ్బు నురగ. ఎముక విరగలేదు, భుజం కమిలిందంతే. నేను లేవదీస్తుంటే ఆయన మొహం పక్కకి తిప్పుకున్నారు.

"రేపట్నించి నేను పోత్తాను నాన్నా నీళ్ళు."

"నేనేటి సంటోడినా? మంచి స్టూలు తే, సాలు."

ఉక్కు తయారయ్యే ఊళ్ళో మా నాన్న కూర్చోడానికి ఒక గట్టి స్టూలు అడిగారు. అంతకు మించి ఏమీ అడగలేదు.

మేముండే బర్మామైన్స్ పేటలో మా సందు చివర వెల్డింగు చేసేవాడు మా శ్రీకాకుళం వైపువాడే. వాణ్ణి అడిగితే, ఇప్పుడు బజారులో దొరుకుతున్న పైపు తీసి చూపించాడు. "దీనికి మంట సూపిత్తే సిల్లడిపోతంది బాబూ. పైపు కాదిది, అప్పడం. కావలిత్తే వేయించి ఇత్తాను" అన్నాడు.

నాన్నని ఆటో ఎక్కించి సాక్చి బజారుకు తీసుకెళ్ళాను. దుకాణంలో స్టూళ్ళు ఒకదానిలో ఒకటి దూర్చి నా ఎత్తున నిలబెట్టి ఉన్నాయి. నాన్న ఒక్కొక్కటీ తీయించారు. బోర్లించి, కాళ్ళ మధ్య అరచేయి పెట్టి నొక్కారు. వేలి కణుపుతో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. నేను ఆపేలోపే జేబులోంచి సుద్ద తీసి ఇంటూ కొట్టారు. రెండోదానికీ కొట్టారు. మూడోదానికీ.

"అరే అంకుల్! యే క్యా కర్ రహే హై?" దుకాణదారు గల్లా వదిలి పరుగెత్తుకొచ్చాడు.

"రిజెక్ట్" అన్నారు నాన్న, ఇంకా డ్యూటీలో ఉన్నట్టే.

నేను మధ్యలో దూరి, ఈయన ఢిల్లీ నుంచి తనిఖీకి వచ్చిన స్టూళ్ళ కమిషనరని హిందీలో చెప్పాను. దుకాణదారు నన్ను పైనుంచి కిందిదాకా చూసి, పిన్నీసు గుచ్చిన నా చెప్పు దగ్గర ఆగాడు. పాపం, కోప్పడలేదు. "ఆజ్‌కల్ ఐసా హీ ఆతా హై, అంకుల్" అన్నాడు. ఈ రోజుల్లో ఇలాంటివే వస్తాయట. గట్టివి అడిగేవాళ్ళు ఉన్నారుగానీ పంపేవాళ్ళు లేరట. ఆ మాట అంటూనే తడిగుడ్డ తెచ్చి మూడు ఇంటూలనూ తుడిచేశాడు. స్టూళ్ళను మళ్ళీ ఒకదానిలో ఒకటి దూర్చి వరసలో పెట్టేశాడు.

నాన్న చూస్తూ నిలబడ్డారు. తన గీతను ఎవరైనా తుడవడం ఆయన ఎన్నడూ చూసి ఉండరు. ఇంటికొచ్చేసరికి సుద్దముక్క ఇంకా చేతిలోనే ఉంది.

ఫోనులో వెతికి, కనిపించినవాటిలో ఎక్కువ ఖరీదుది తెప్పించాను. అది వచ్చేసరికి దానికో కథ కూడా సిద్ధం చేసుకున్నాను.

"నాన్నా, ఇది మామూలు స్టూలు కాదు. దల్మా కొండ దిగొచ్చిన ఏనుగు సోనారిలో ఒకాయన వాకిట్లో ఇలాంటిదాని మీదే కూకుని సెరుకుగడ తిని పోనాదట. స్టూలుకేటీ కాలేదు. ఏనుక్కే నడుం పట్టేసిందట."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న నవ్వలేదు. స్టూలును బోర్లించి అరచేత్తో నొక్కారు. కాళ్ళు అటూ ఇటూ జరిగాయి. అది నేను చూశాను. నేను చూడడం ఆయన చూశారు. వేలితో తట్టలేదు, చెవి దగ్గర పెట్టుకోలేదు. సుద్ద తీశారు. ఇంటూ పడితే పడనీ, వాపసు పంపి ఇంకోటి వెతుకుదాం అనుకున్నాను.

ఆయన టిక్కు పెట్టారు.

"బానే ఉంది. అట్టుకెళ్ళి లోపల పెట్టు."

"నాన్నా, కాళ్ళు సూడు..."

"ఏనుగే కూకుంది గదేటి" అన్నారు.

నా కథల్లో ఒక్కటైనా నాన్న నమ్మితే బాగుండునని చిన్నప్పటినుంచీ ఆశ. ఆ పూట మాత్రం, అదంతా అబద్ధమని నేనే అరవాలనిపించింది. అరిచి ఏం తెస్తాను? దానికంటే మంచిది ఫలానా చోట ఉందని ఏమని చెబుతాను? సుద్దముక్క కిటికీలో పెట్టేశారు. మళ్ళీ ముట్టుకోలేదు. మొన్న అమ్మ కొన్న చీపురు ఊడ్చినదానికంటే ఎక్కువ రాల్చింది. అయినా ఆయన దాని వంక చూడనైనా చూడలేదు.

ఇప్పుడు రోజూ ఆయన స్నానం చేసినంతసేపూ తలుపు బయట పేపరు పట్టుకుని కూర్చుంటాను. గడియ పెట్టొద్దన్న నా మాట ఒక్కటే విన్నారు. లోపల నీళ్ళ చప్పుడు, మధ్యలో ప్లాస్టిక్ కిర్రుమంటుంది. ఆ కిర్రు కాస్త సాగితే పేపరు కింద పెట్టి లేచి నిలబడతాను.

"నాన్నా?"

"ఉన్నాన్రా."

చెంబు మళ్ళీ నీళ్ళలో మునిగిన చప్పుడు. నేను కూర్చుంటాను, సగమే.