నూటికి ఆరు వడ్డీ

వానలు మొహం చాటేసిన ఆ ఏడు మేత లేక నాయన గొర్రెలన్నీ అమ్మేశాడు. చేతికొచ్చిన ఐదు వందలు ఇంట్లో ఉంచడానికి భయపడి ఉరవకొండలో బ్యాంకుకు తీసుకెళ్ళాడు.

అక్కడ రెండు రకాల వడ్డీ చెప్పారట. ఎప్పుడంటే అప్పుడు తీసుకునే సేవింగ్స్ ఖాతాకు నూటికి మూడు. ఏడాది ముట్టుకోకుండా ఉంచే ఫిక్సెడ్ డిపాజిట్‌కు నూటికి ఆరు, మధ్యలో తీస్తే ఆ ఆరు రాదు. నాయన ఆరుకే వేసి మీసం దువ్వుకుంటూ ఇల్లు చేరాడు.

మా ఊళ్ళో వడ్డీ అంటే నెల లెక్కే. షావుకారు నూటికి మూడన్నాడంటే నెలకు మూడు రూపాయలు. ఏడాది లెక్క ఒకటుంటుందని మాలో ఎవరికీ తెలియదు. అంత వడ్డీ ఎట్లా ఇస్తారని అమ్మ అడిగితే, వాళ్ళ ఇనప్పెట్టెల నిండా దుడ్లేనని నాయన నవ్వాడు. నెలకు ముప్పై, ఏడాదికి మూడు వందల అరవై! గొర్రెలు మళ్ళీ దొడ్లోకి వచ్చేసినట్టే మాట్లాడుకున్నాం. ఆరు ఏడాదికని ఒక్క మాట విడమరిచి చెబితే ఆ బ్యాంకువాళ్ళ నోటి ముత్యాలు రాలిపోయేవా?

ఎండాకాలంలో అమ్మకు కడుపులో గడ్డ తేలింది. వెంటనే రాయవేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయి ఆపరేషన్ చేయించమన్నాడు అనంతపురం డాక్టరు. నాయన డిపాజిట్ తీసేస్తానని లేచాడు. అమ్మే పోనివ్వలేదు.

"ఇంగ నాలుగు నెల్లే గదా. ఓర్చుకుంటాలే. వడ్డీతో గూడా రానీ, గొర్రెలూ వస్తాయి," అంది.

నాకు ఒళ్ళు మండింది. పదిహేడేళ్ళదాన్ని, గొర్రెలు ముఖ్యమా నువ్వు ముఖ్యమా అని అరిచాను. నాయన కాసేపు తల గోక్కుని మళ్ళీ కూర్చున్నాడు.

అమ్మ మూడు నెలలు ఓర్చుకుంది. నాలుగో నెలలో పోయింది.

గడువు తీరాక నాయన వెంట నేనూ బ్యాంకుకు వెళ్ళాను. గుమాస్తా ఐదు వందల ముప్పై చేతిలో పెట్టాడు. తక్కిన నెలల వడ్డీ ఏదని నాయన అడిగాడు. ఆరు రూపాయలు ఏడాది మొత్తానికని, నెలకు కాదని గుమాస్తా నిదానంగానే చెప్పాడు. నాయన గొడవ పడతాడనుకున్నాను. పడలేదు. ముప్పై రూపాయలు వేరుగా తీసి చూసుకున్నాడు.

"ఇంతకేనా పాపా, మీ యమ్మను ఆపినాను?" అన్నాడు.

అంతకేనని నోటిదాకా వచ్చింది. ఆ మొహం చూశాక అనలేకపోయాను. చెయ్యి పట్టుకుని బస్సు దగ్గరికి నడిపించుకొచ్చాను.