కరెంటు డాక్టరు చెప్పని పథ్యం

మొన్న మా మనవరాలు ఏదో చదువుకుంటూ, "నాయనమ్మా, కడుపు జబ్బులకు ఓజోన్ వైద్యమని కొత్తగా వచ్చిందంట" అంది. కొత్తదట! నాకు నవ్వాగలేదు. మీ తాతను కన్నతల్లి నిజాం పాలన పోయిన మరుసటేడే మిర్యాలగూడలో ఆ గాలి కలిపిన నీళ్లు తాగిందే తల్లీ అన్నాను. అది నమ్మలేదు. నమ్మకపోతే దాని ఖర్మ. ఉన్నది ఉన్నట్టు రాసిపెడుతున్నాను.

నాది కోదాడ. పదిహేనో ఏట సూర్యాపేటలో ధాన్యం వ్యాపారం చేసే ఇంటికి కోడలిగా వచ్చాను. అంతకు నాలుగేళ్ల ముందే మా అమ్మ పోయింది. సంగ్రహణి అన్నారు. తిన్నది నిలవక, ఏడాదిపాటు కరిగి కరిగి పోయింది. అందుకని అత్తగారింట్లో అడుగుపెట్టిన నాడు, అత్తమ్మ నా గడ్డం పట్టుకుని "తల్లి లేని పిల్లవా? నేనున్న గద బిడ్డా" అంటే, సిగ్గు విడిచి ఆమె భుజం మీద పడి ఏడ్చాను. లోకంలో అత్తలు ఎలా ఉంటారో నాకు తెలియదు. మా అత్తమ్మ నాకు తల దువ్వేది, నేను వాళ్లలా "ఉంటది" అనకుండా "ఉంటుంది" అంటే "ఉంటుందట ఉంటుంది! కోదాడ దొరసాని వచ్చింది" అని ఏడిపించేది.

ఆ మనిషికీ అదే జబ్బు. పొద్దెక్కేలోపు ఆరుసార్లు చెంబు పట్టుకుని దొడ్లోకి పోయేది. పిడికెడు తింటే కడుపు డప్పులా ఉబ్బేది. శొంఠి అయింది, దానిమ్మ తొక్కు అయింది, హకీము పొడులు, దవాఖానలో ఇచ్చిన రంగు నీళ్లు అన్నీ అయ్యాయి. ముంజేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. పక్కింటావిడ పరామర్శకు వచ్చి, వాకిట్లోనే నిలబడి "ఈ ఉగాది సూస్తదో సూడదో" అంది. నీ నోట్లో మన్నుపడ, నీ ఇంట్లో చూసుకో పో అని తరిమాను. కొత్త కోడలికి అంత నోరా అని వాడంతా చెప్పుకున్నారు. చెప్పుకోనీ. మా అమ్మకు మొదట గాజులు జారాయి, తరవాత గొంతు సన్నబడింది. ఇప్పుడు అత్తమ్మ గొంతూ సన్నబడుతోంది. ఇంకో తల్లిని పోగొట్టుకునే ఓపిక నాకు లేదు.

అప్పుడు తెలిసింది మిర్యాలగూడ సంగతి. యుద్ధంలో కాంపౌండరుగా పనిచేసి వచ్చిన ఒకాయన, బియ్యం మిల్లు పక్కన గది తీసుకుని, కరెంటుతో కడుపు జబ్బులు నయం చేస్తున్నాడని. మిల్లు సావుకారు మా మామకు తెలిసినవాడే. మిల్లు ఆవరణలోనే మాకూ ఒక గది ఇప్పించాడు. బొగ్గుతో నడిచే బస్సులో, దారిపొడుగునా నుసి మింగుకుంటూ, మా ఆయన మమ్మల్నిద్దరినీ దింపి వచ్చాడు. ఇరవై ఒక్క రోజుల వైద్యం.

ఆ యంత్రం చూడాలి మీరు. చెక్కపెట్టె, దానిమీద గాజుగొట్టం. మిల్లు ఇంజను తిరిగితేనే దానికి కరెంటు. ధాన్యం రాక ఇంజను ఆగితే ఆ పూట వైద్యమూ ఆగినట్టే. అందుకని రోగులంతా అరుగు మీద కూర్చుని, ఇంజను డబడబ ఎప్పుడు మొదలవుతుందా అని చెవులప్పగించి ఉండేవాళ్లం. మొదలవగానే గాజుగొట్టం వంకాయ రంగులో వెలిగేది. దాంట్లోంచి వచ్చిన గాలి రబ్బరు గొట్టం గుండా నీళ్ల సీసాలోకి బుడబుడమని పోయేది. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది, పిడుగు పడ్డాక గాలిలో ఒక ఘాటు ఉంటుంది చూడండి, అచ్చం అదే. డాక్టరు దాన్ని ఓజోను అన్నాడు. అరుగు మీది జనం పిడుగు నీళ్లు అన్నారు. ఆయన్ను కరెంటు డాక్టరు అన్నారు.

మొదటిరోజు గ్లాసు చేతికిస్తే అత్తమ్మ నా వైపు చూసింది. "పిల్లా, పిడుగు కడుపుల పడితే మనిషి ఉంటదా?"

"ఉంటుంది అత్తమ్మా, తాగండి."

"ఉంటుందట!" అని, కళ్లు మూసుకుని గటగటా తాగేసింది. తరవాత డాక్టరును అడిగింది, "పథ్యం ఏంది అయ్యా?"

"పథ్యమేం లేదమ్మా. మీరు రోజూ ఏది తింటే అదే తినండి. మా ఓజోను ముందు అన్నీ బలాదూర్" అన్నాడు.

అత్తమ్మకు అది నచ్చలేదు. పథ్యం చెప్పనివాడు కూడా వైద్యుడేనా అని గదికొచ్చి గంటసేపు గొణిగింది.

అయితే ఆ ఇరవై ఒక్క రోజులూ నా బతుకులో పండగ రోజులు. ఇంట్లో పదకొండు మందికి వండే చేతులతో, అక్కడ ఇద్దరికి రెండు పిడికిళ్లు వండేదాన్ని. ఇత్తడి గిన్నెలు మోసుకుపోవడం దండగని కొత్త కుండలు కొన్నాం. అన్నం దించగానే ఎదురెదురుగా కూర్చునేవాళ్లం. పొగలు కక్కే అన్నం, పెసరపప్పు, మజ్జిగ. ఊదుకుంటూ తినడం, కబుర్లు చెప్పుకోవడం. ఏమీ మిగిలేది కాదు. అత్తమ్మ కుండ వంచి చూపించి "సూడు, కాకికి గూడ లేకుంట తిన్నం" అని నవ్వేది.

పదో రోజుకు దొడ్లోకి పోవడం రెండుసార్లకు తగ్గింది. ఇరవయ్యో రోజుకు, నేను వద్దంటున్నా వినకుండా మిల్లు బావి నుంచి బిందె తనే మోసింది. గొంతు మునుపటి గొంతయింది. ఆ గొంతుతో నన్ను తిడుతుంటే నాకు చెవుల్లో తేనె పోసినట్టుండేది. కరెంటు డాక్టరుకు ఇద్దరం రెండు చేతులా దండం పెట్టి సూర్యాపేట వచ్చాం. వాడకట్టంతా వింతగా చూడ్డానికి వస్తే, నేనే ముందు నిలబడి ఓజోను మహిమ చెప్పాను. అంత గొప్పగా హరికథ చెప్పేవాళ్లు కూడా చెప్పరు.

నెలన్నర తిరిగిందో లేదో, ఒకరోజు పొద్దున అత్తమ్మ మళ్లీ చెంబు పట్టుకుని గబగబా దొడ్లోకి పోయింది. ఆ రోజు మూడుసార్లు. వారం తిరిగేసరికి రోజుకు ఆరుసార్లు. గాజులు మళ్లీ జారడం మొదలుపెట్టాయి.

మా ఆయనను మిర్యాలగూడ తరిమాను. సాయంత్రానికి ముఖం వేలాడేసుకుని వచ్చాడు. "ధాన్యం ఖతమైంది, మిల్లు బందైంది. డాక్టరు పెట్టె సర్దుకొని పోయిండట. ఎటు పోయిండో ఎవ్వరికి ఎరుక లేదు."

"మీ అమ్మతో అప్పుడే చెప్పకండి" అన్నాను.

మరునాడు మధ్యాహ్నం, అందరి భోజనాలూ అయ్యాక, ఏదో గుర్తొచ్చి వంటింట్లోకి పోయాను. అత్తమ్మ గోడవైపు తిరిగి ఒక్కతే కూర్చుని తింటోంది. మా ఇంట్లో ముందు మగవాళ్లు, పిల్లలు తినేవాళ్లు. తరవాత నన్ను బలవంతంగా కూర్చోబెట్టేది, "పడుసు పిల్లవు, తిను" అని. తను అందరి తరవాత. ఏం తింటుందో నేను ఏనాడూ చూడలేదు. చూడకపోవడం నా తప్పే. ఆ రోజు చూశాను. నిన్నటి అన్నం గడ్డ, మొన్నటి పులుసు. కంపు నేను నిలబడ్డ గడపదాకా వస్తోంది. ఇత్తడి గిన్నె అంచు చుట్టూ పచ్చగా కిలుం పట్టి ఉంది. ఊళ్లో గడబిడలప్పటి నుంచీ కళాయి వేసేవాళ్లు రాక, రెండేళ్లుగా మా గిన్నెలకు లోపల తగరం పూత లేదు. ఆమె ఆ కిలుమును కొంగుతో తుడిచి పులుసు పోసుకుంటోంది.

"అత్తమ్మా, అదేంటి?"

"మరి పారేస్తమా? అన్నం పారేస్తే ఉసురు తగుల్తది."

చద్దన్నం చెడ్డదని నేననను. మజ్జిగ పోసి, ఉల్లిపాయ కొరుక్కుంటూ తింటే అమృతం. ఇది చద్ది కాదు, విషం. మిర్యాలగూడలో కుండ ఖాళీ అయినన్నాళ్లూ అత్తమ్మ ఎందుకు కోలుకుందో, అప్పుడు నా మట్టి బుర్రకు వెలిగింది. వెంటనే ఇంకోటీ గుర్తొచ్చింది. కోదాడలో మా అమ్మ కూడా ఇలాగే, గోడవైపు తిరిగి, అందరి తరవాత తినేది.

నేను చెబితే అత్తమ్మ వింటుందా? ముత్తవ్వల నాటి అలవాటు, నిన్నగాక మొన్న వచ్చిన కోడలు చెబితే మానుతుందా? డాక్టరు చెబితే వింటుంది. డాక్టరేమో లేడు. బావి దగ్గర మా ఆయన్ను పట్టుకుని, మూడుసార్లు వల్లె వేయించి పంపాను. అబద్ధమాడితే ఆయనకు చెవులు ఎర్రబడతాయి. దూలం వైపు చూస్తూ తల్లితో చెప్పాడు.

"అమ్మా, డాక్టరును కలిసిన. ఓజోను నీ కడుపుల ఇంక ఉన్నదట. కాని పాసిన తిండి తగిలితే పారిపోతదట. పొయ్యి మీంచి దించంగనే మొదటి ముద్ద నువ్వే తినాలెనట. ఇత్తడిల పులుసు ముట్టొద్దన్నడు."

"ఓరి వాని ఇల్లు బంగారం గాను! ఆనాడే పథ్యం చెప్పొద్దా?" అంది అత్తమ్మ. అని, భయంగా మామ వైపు చూసింది. మగవాళ్లకంటే ముందు తినడం ఆ ఇంట్లో ఏ ఆడదీ ఎరగదు. మామ చాలాసేపు పొడుండబ్బా తిప్పుతూ కూర్చున్నాడు. చివరికి, "డాక్టరు చెప్పినంక తప్పుతదా? ఆమెకు పెట్టు బిడ్డా" అన్నాడు నాతో. ఆయన మీద నాకున్న కోపాలన్నీ ఆ మాటతో పోయాయి.

ఎండలు ముదిరేసరికి అత్తమ్మ గాజులు ముంజేతికి దిగాయి. ఉగాది చూసింది. పక్కింటావిడకు నేనే గిన్నెడు ఉగాది పచ్చడి ఇచ్చి వచ్చాను, మాట్లాడకుండా.

ఇక మిగిలిన అన్నం సంగతి. పదకొండు మంది ఇంట్లో మిగలకుండా ఎలా ఉంటుంది? పారేయడానికి నాకూ చేతులు రాలేదు. అబద్ధం చెప్పినదాన్ని నేనే కదా, అత్తమ్మ చోట్లో నేను కూర్చునేదాన్ని. అందరి తరవాత, గోడవైపు తిరిగి. ఒకరోజు మొదటి ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే ఎవరో నా ముంజేయి పట్టుకున్నారు. అత్తమ్మ. నా గాజు పట్టి అటూ ఇటూ జరిపి చూసింది. అది కొంచెం వదులైంది. నా కంచం తీసుకుపోయి బర్రె కుడితిలో వంచింది. జన్మలో మెతుకు పారేయని మనిషి! తిరిగొచ్చి పొయ్యి రాజేసింది. ఇద్దరికి చాలినన్ని బియ్యం కడిగి ఎసట్లో పోసింది. ఉడకగానే రెండు కంచాల్లో పెట్టింది.

"నువ్వు గూడ కూసో. డాక్టరు నాకు గూడ ఒక మాట చెప్పిండు. నీకు చెప్పుడు మర్సిపోయిన."

"ఏమన్నాడు అత్తమ్మా?"

"అత్త, కోడలు ఒక్కతాన తినకపోతే గాలి నిలవదట. ఇద్దర్లకు గూడ." నా ముఖం చూడకుండా అన్నం కలుపుతోంది. చెవులు ఎర్రగా ఉన్నాయి. మా ఆయనకు ఆ చెవులు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిసింది.

కంచం ముందు కూర్చున్నాను. కళ్లనీళ్లు అన్నంలో పడుతున్నాయి.

"ఏమైందే?"

"మా అమ్మ గుర్తొచ్చింది. అమ్మకు ఇట్లా అబద్ధం చెప్పేవాళ్లు ఒక్కరూ లేరు అత్తమ్మా."

ఆమె కొంగుతో నా ముఖం తుడిచింది. తన కంచంలోంచి వేడి ముద్ద తీసి నా కంచంలో పెట్టింది.

"తిను బిడ్డా" అంది. "సల్లారిపోతది."