కట్ట విప్పని తీసివేత

మద్రాసులో కాలేజీ చదువు వెలగబెట్టి వచ్చిన నాకు, అరకు కొండల్లో ఇరవై మంది పిల్లల చేత యాభైరెండులోంచి ముప్పైఏడు తీయించడం రెండు నెలలపాటు చేతకాలేదు. అప్పటికి మూడేళ్లుగా మిషను బడిలో చెబుతున్నాను. రోజు విడిచి రోజు చలిజ్వరం. క్వినైను మింగీ మింగీ చెవుల్లో ఎప్పుడూ ఏదో మోగుతూ ఉండేది. ఆ మోతలో కూర్చుని పలకలు దిద్దితే అన్నిటి మీదా ఇరవైఅయిదే. రెండు కింద ఏడు కనబడగానే పిల్లలు హాయిగా అయిదు వేసేవారు.

"రెండులోంచి ఏడు ఎలా పోతుందిరా?" అని అరిచాను ఒకరోజు.

"రెండుకాడ నేవు కదా పంతులమ్మా. ఏడుకాడ ఉన్నాయి. ఉన్నోడికాడే తీసీసినాం," అన్నాడు ముందు వరుసలో గుంటడొకడు.

న్యాయంగా చూస్తే వాడితో వాదించడానికేమీ లేదు. అయినా వాదించాను. తెలుగు చాలక కాస్త ఇంగ్లీషులో కూడా వాదించాను. వాడు నన్ను జాలిగా చూశాడు.

చేతికి తగిలితే తప్ప లెక్క బుర్రకెక్కదని, మర్నాడు ఎండిన అడ్డాకులు తెమ్మన్నాను. విస్తళ్లు కుట్టే ఆకులవి, అక్కడ ప్రతి ఇంటి చూరు కిందా ఉంటాయి. పదేసి ఆకులు నారతో కట్టించాను. కట్టలున్నది పదుల ఇల్లు, విడి ఆకులున్నది ఒకట్ల ఇల్లు. రెండు ఆకులు చాలకపోతే ఒక కట్ట విప్పి వాటిలో కలపాలి. పన్నెండవుతాయి. అందులోంచి ఏడు తీయాలి. పుస్తకంలో ఉన్నదీ ఇదే, నేను నేర్చుకున్నదీ ఇదే.

ఒక్కరూ కట్ట విప్పలేదు.

ఆ విప్పనివాళ్లలో ఒక పిల్ల మీద నాకు ఎక్కువ బెంగ. తొమ్మిదేళ్లుంటాయి. మైదానంలో ఆడపిల్లల బోర్డింగు వాళ్లు ఆ ఏడాది మా కొండల మొత్తానికి ఒక్క చోటు ఇస్తామన్నారు. అక్కడి పెద్దపంతులమ్మగారే స్వయంగా వచ్చి, చదువూ తీసివేతా చూసి, ఒకర్ని వెంట తీసుకుపోతారు. ఈ పిల్ల తల్లి అప్పటికే ఇద్దరు బిడ్డల్ని జ్వరానికి పోగొట్టుకుంది. మిగిలిన ఒక్కదాన్నీ ఎలాగైనా కొండ దింపెయ్యాలని ఆవిడ పట్టుదల. వారం వారం డుంబ్రిగుడ సంతకి ఆకుల మోపుతో పోతూ బడి గుమ్మంలో ఆగేది. "వచ్చిందా పంతులమ్మా, నా గుంటకి తీసీడం?"

"కట్ట విప్పవే," అన్నాను పిల్లతో.

"ఇప్పితే ఇరిగిపోతాయి. ఎండాకు కదా. మాయమ్మ సంపేత్తది."

"మరి ఏడు ఎక్కణ్నుంచి తీస్తావు?"

అది అయిదు కట్టల్లోంచి మూడు పక్కకి జరిపింది. మిగిలిన రెండిట్లో ఒకటి ఎడంచేత్తో పట్టుకుని, నార అలాగే ఉండగా, తొడిమలు పట్టి ఒక్కొక్క ఆకే లాగింది. ఏడు. కట్టలో మూడు మిగిలాయి. వాటిని రెండు విడి ఆకుల పక్కన పెట్టింది. ఒక కట్ట, అయిదు ఆకులు. పదిహేను.

"పన్నెండు ఏదీ?" అన్నాను.

"పన్నెండేటి?"

"ముందు కలపాలి. తర్వాత తీయాలి."

"తీసీడానికి కలపడమేల?"

చెప్పినట్టు చెయ్యమని గదమాయించాను. పెద్దపంతులమ్మగారు పలక మీద గుర్తు చూస్తారు, అయిదు కొట్టేసి నాలుగు వేశామా, రెండు పక్కన ఒకటి పెట్టామా అని. గుర్తు లేకపోతే చోటు లేదు. అందుకని ఆకులు ఎత్తించేసి, నెల రోజులు ఆ పిల్లకి గుర్తు రుద్దాను. ఎదురు చెప్పడం మానేసింది. బాగుపడుతోందనుకున్నాను.

పెద్దపంతులమ్మగారు డోలీలో వచ్చారు. పిల్ల పుస్తకం గడగడా చదివింది. అరవైమూడులోంచి ఇరవైఎనిమిది తీయమన్నారు. పిల్ల ఒక్క క్షణం వేళ్లు కదిపి, నల్లబల్ల మీద ముప్పైఅయిదు వేసేసింది.

"గుర్తేదీ? పది ఎక్కణ్నుంచి తెచ్చావు?" అన్నారావిడ.

పిల్ల నావంక చూసింది. అరచేత్తో అంతా తుడిపేసి, నేను రుద్దినట్టు మూడు పక్కన ఒకటి పెట్టింది. పదమూడులోంచి ఎనిమిది తీసి అయిదు వేసింది. ఆరుని కొట్టెయ్యడం మరిచిపోయింది. నలభైఅయిదు.

నేను లేచాను. మొదటి జవాబు సరైనదన్నాను. ఆకులిచ్చి చూడమన్నాను. ఆవిడ, "బోర్డింగులో ఆకులుండవమ్మా," అన్నారు.

"ఆకుల తప్పు కాదు. తప్పు నాది. దానికి వచ్చినదాన్ని నేను మరిపించాను."

ఈ మాట నేను అంతవరకూ ఎవరితోనూ అనలేదు. అన్నందువల్ల ఒరిగింది కూడా ఏమీ లేదు. ఆవిడ విన్నారు, పాపం, ఓపిగ్గానే విన్నారు. చోటు పక్క కొండ బడిలోని పిల్లకి వెళ్లింది.

బయట తల్లి కూర్చుని ఉంది. పిల్ల గుడ్డలు మూటగట్టి తెచ్చుకుంది.

"ఏటి పంతులమ్మా, మా గుంటకి రాదంతందా ఆయమ్మ?"

"వచ్చు. నేనే పాడుచేశాను."

ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. మూటవంకా నావంకా చూసింది.

"నువ్వు పాడుసేత్తే నువ్వే బాగుసెయ్యాల. వచ్చే ఏడాదికి మళ్లీ వత్తదేటి ఆయమ్మ?"

"వస్తుంది."

"నువ్వుంతావేటి?"

ఈ జ్వరాలు పడలేక, ఆ డోలీ వెనకే కొండ దిగిపోదామని నేను వారం కిందటే పెట్టె సర్దుకున్నాను. ఆ సంగతి పిల్లలందరికీ తెలుసు, కాబట్టి ఆవిడకీ తెలుసు.

"ఉంటానులే," అన్నాను విసుగ్గా.

"జొరమొచ్చినా?"

"వచ్చినా."

నమ్మిందో లేదో చెప్పలేను. మూట మాత్రం నా చేతిలో పెట్టి, "అయితే గుంట నీకాడే ఉంతది, బేగి మొదలెట్టు," అని, వెనక్కి తిరిగి చూడకుండా దారి పట్టింది.