తిరిగొచ్చిన పంచె

మేనకోడలు బెంగుళూరు నుంచి నిన్న ఒక ఫొటో పంపింది. అందులో నేను రంగురంగుల దీపాల కింద నిమ్మసోడా గ్లాసు పట్టుకుని, ఎవరిమీదికో తగాదాకు వెళ్లినవాడిలా ముఖం పెట్టుకుని కూర్చున్నాను. "మావయ్యా, అంత మంచి సోటికి తీసుకెళ్తే ఆ ముఖమేటి?" అని కింద రాసింది. దానికి జవాబు ఫోన్లో రాయలేక ఇక్కడ రాస్తున్నాను, మన వయసువాళ్లకైతే మరీ విడమరిచి చెప్పనక్కర్లేదు కనుక.

నేను పెళ్లెందుకు చేసుకోలేదో మా ఇంట్లో తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆ పిల్ల. పోయిన నెల ఆ ఊరు చూడ్డానికి వెళ్తే, ఒక సాయంత్రం నన్నొక బారుకి తీసుకెళ్లింది. మగవాణ్ణి ప్రేమించే మగవాళ్లు, ఆడదాన్ని ప్రేమించే ఆడవాళ్లు దాపరికం లేకుండా వచ్చి కూర్చునే చోటది. గుమ్మం మీద ఇంద్రధనుస్సు రంగుల జెండా, లోపల చెవులు పగిలే పాట, అల్లం దట్టించిన ఏవో వేపుళ్లు. అవి బాగున్నాయనే చెప్పాలి, రెండు ప్లేట్లు తిన్నాను. పాట మారగానే నా ఈడు మగవాళ్లిద్దరు, తలలు నెరిసినవాళ్లు, లేచి ఒకరి భుజాన ఒకరు చేతులు వేసుకుని ఆడారు. ఎవరూ తల తిప్పి చూడలేదు. నాకు సంతోషం కలగాల్సింది, ఒళ్లు మండిపోయింది.

ఎందుకంటే మా ఆమదాలవలస పక్క పల్లెల్లో మగవాళ్లు కలిసి ఆడటం ఏనాడూ తప్పు కాదు. రొమ్ముకి రేకు తప్పెట కట్టుకుని తప్పెటగుళ్లు ఆడే జట్టులో నేనూ, పక్క ఊరి అతనూ ఎప్పుడూ పక్కపక్కనే ఉండేవాళ్లం. చదువులు ముగిసిన ఏడు పెద్దలే మాకు నేస్తం కట్టించారు. అమ్మవారి ముందు నేనతనికి పంచె పెట్టాను, అతను నాకు పెట్టాడు. ఇక పేరు పెట్టి పిలవకూడదు, బతికినంతకాలం నేస్తం అనే పిలవాలి. మా అమ్మ అతనికి నాకంటే ఒక గరిటె ఎక్కువే వడ్డించేది. పోనుపోను మా మధ్య పెరిగింది నేస్తరికం ఒక్కటే కాదు, ప్రేమ. ఇద్దరం ఒకే ఏడు పెళ్లి వద్దనేసరికి పెద్దలకు అర్థమైపోయింది.

నేస్తం తండ్రి నేను పెట్టిన పంచె తెచ్చి మా అరుగుమీద విసిరేశాడు. "ఇదిగో మీ గుడ్డ. మీ వోడు మా గుమ్మం తొక్కితే కాళ్లిరగ్గొడతాను," అన్నాడు. కట్టిన నేస్తం తెంచడమనేది మా వైపు ఎవరూ విని ఎరగరు, మాకోసం తెంచారు. అతన్ని నౌపడ ఉప్పుమడుల పనికి పంపి, ఆ వేసవిలోనే పెళ్లి చేసేశారు. మా అమ్మ నోరెత్తలేదు; ఆవిడ పోయి ఇన్నేళ్లైనా నాకా కోపం పోలేదు. ఆ కాలం అలాంటిదని సర్దిచెప్పేవాళ్లను చూస్తే ఇంకా మండుతుంది. కాలమా వచ్చి పంచె విసిరింది?

నేస్తం భార్య పోయాక మళ్లీ ఫోన్లో మాట్లాడుకుంటున్నాం. ఆ బారు బయట నిలబడే అతనికి ఫోన్ చేసి, చూసిందంతా చెప్పి, "ఓసారి వస్తావేటి నేస్తం?" అన్నాను.

"మోకాళ్లు అరిగిపోనాయి. ఆడలేను గానీ సూడ్డానికైతే వస్తాను. నా పంచి ఉన్నాదా?"

ఉంది, ట్రంకు పెట్టెలో. వచ్చే నెల మా ఇంటికొచ్చి, అది కట్టుకుని నాతో ఆ బారుకి వస్తాడు. ఇద్దరం కుర్చీల్లో కూర్చుని, నిమ్మసోడా తాగుతూ, ఎవరో ఆడుతుంటే చూస్తాం. కాలం మారింది, సంతోషించు మావయ్యా అంటుంది మేనకోడలు. మారింది, కాదనను. తెల్లారేదాకా తప్పెటగుళ్లు ఆడిన మా కాళ్లు కూడా ఎవరైనా తిరిగి తెచ్చిస్తే, అప్పుడు సంతోషిస్తాను.