కుడిచేతి గ్లౌజు

నేను తోలు ముట్టనన్నానట. అందుకే ఆటలో చేరలేదట. మా హాస్టలు వాళ్లు ఎక్కడ కలిసినా ఈ కథే చెబుతారు. మొన్న సదాశివనగర్‌లో ఒక పెళ్లిలో నా పక్క విస్తరి ముందు కూర్చున్నావిడ, నేను అక్కడ లేనట్టే, తన కోడలికి వినిపించింది.

"ఈమె పటేలు బిడ్డ. అమెరికా దొరసాని తెచ్చిన గ్లౌజులు మేమందరం కొట్లాడి తీసుకుంటే, ఈమె ఒక్కొక్కటి తొడిగి చూసి కింద పెట్టింది. తోలు గద మరి!"

"అబద్ధం" అన్నాను.

"అబద్ధమెట్లయితదే? నా కండ్లతోని చూసిన."

కింద పెట్టడం చూసింది, నిజమే. ఎందుకు పెట్టానో చూడలేదు. ఈ మాట అంటే నన్ను కొట్లాడే మనిషి అంటారు. అననీ. ఇన్నేళ్లుగా అంటూనే ఉన్నారు.

రెండో ప్రపంచ యుద్ధం మొదలు కావడానికి కాస్త ముందు సంగతి. మాది ఎల్లారెడ్డి. ఆడపిల్లకు చదువేమిటని అందరూ అంటున్నా మా బాపు వినకుండా, నన్ను ఎడ్ల కచ్చడంలో తెచ్చి కామారెడ్డిలో మిషన్ వాళ్ల హాస్టల్లో దించాడు. మా అవ్వ పెట్టిన షరతు ఒక్కటే: పిల్ల పళ్లెం, చెంబు వేరేగా ఉండాలి. హాస్టల్లో ఉన్నవాళ్లంతా భిక్నూర్, మాచారెడ్డి వైపు నుంచి వచ్చిన కూలీల పిల్లలు, క్రైస్తవులు. వాళ్లు వరుసగా కూర్చుని ఒకరి పళ్లెంలోది ఒకరు లాక్కుంటూ తినేవారు. నేను కిటికీ కింద ఒక్కదాన్నే నా ఇత్తడి పళ్లెం ముందు కూర్చునేదాన్ని. ఆ పళ్లెం చూసి వాళ్లకు కోపం వచ్చిందంటే రాదా మరి? కాని ఆ షరతు పెట్టినప్పుడు నన్నెవరూ అడగలేదు. హాస్టల్లో నాతో ఎవరూ పోట్లాడేవారు కూడా కాదు. నాలాంటిదానికి అంతకన్నా శిక్ష లేదు.

అలాంటి రోజుల్లో దొరసాని పెద్ద చెక్కపెట్టెతో రైలు దిగింది. పెట్టెలో బ్యాట్లు, బంతులు, గ్లౌజులు ఉన్నాయి. ఆట పేరు సాఫ్ట్‌బాల్. పేరుకే మెత్తన, బంతి తగిలితే ఎముక జివ్వుమనేది. ఒకరు విసరాలి, ఒకరు కొట్టి పరుగెత్తాలి, మిగతావాళ్లు పట్టుకోవాలి. పట్టేటప్పుడు అరవాలి, ఒకరినొకరు పిలుచుకోవాలి. నాకు కావలసింది అదే. బంతి కోసమైనా సరే, ఎవరో ఒకరు నన్ను పిలవాలి.

దొరసాని ఏ వస్తువునూ ఊరికే పంచలేదు. బ్యాటును ఒంటి చేత్తో ముందుకు చాపి పట్టుకోమనేది. కొన వాలిపోతే అది నీకు బరువు, చిన్నది తీసుకో. గ్లౌజు తొడిగి, బంతి పెట్టి, పిడికిలి మూయమనేది. బంతి జారకూడదు, వేళ్లు నొక్కుకుపోకూడదు. బలం ఉందని గొప్పలకు పోయి పెద్ద బ్యాటు పట్టిన పిల్ల, మొదటి ఊపుకే గిర్రున తిరిగి కింద కూలబడింది. మా అందరిలో పెద్దదైన భిక్నూర్ పిల్లను మేమంతా పెద్దక్క అనేవాళ్లం. ఆమె పకపకా నవ్వి, "దొరసానమ్మా, దీనికి రోకలి ఇయ్యుండ్రి, మంచిగ ఆడుతది" అంది. దొరసాని పుస్తకాల తెలుగులో, "రోకలి అనగా నేమి?" అని అడిగింది. ఆ నవ్వుల్లో నేనూ నవ్వాను. ఎవరూ నావైపు చూడలేదు.

నా వంతు వచ్చింది. ఇక్కడే వాళ్ల కథా నా కథా విడిపోతాయి.

నాది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు అన్నానికి ఎడమ చేయి చాపితే అవ్వ దానికి గుడ్డ చుట్టి కట్టేసేది. అలా తినడం, రాయడం కుడిచేతికి వచ్చాయి. కాని రాయి విసరాలన్నా, బిందె ఎత్తాలన్నా ఎడమ చేయే ముందుకు వెళ్లేది. ఈ ఆటలో గ్లౌజు తొడగాల్సింది విసిరే చేతికి కాదు, రెండో చేతికి. అందరూ కుడిచేత్తో విసురుతారు కాబట్టి, పెట్టెలో ఉన్నవన్నీ ఎడమచేతి గ్లౌజులే. నాకు కుడిచేతిది కావాలి. ఒకటి తీసి కుడిచేతికి తొడిగాను. బొటనవేలు సరిగ్గా దూరితే, దెబ్బ ఆపే మెత్త అరచేతి మీద కాక చేతి వెనకకు వచ్చింది. మెత్తను అరచేతి వైపు తిప్పితే, బొటనవేలు చిటికెన వేలి సందులో ఇరుక్కుంది. ఇంకొకటి తీశాను. అదీ అంతే. మరొకటి. కింద పెడుతూ పోయాను.

"ఏమి అసౌకర్యము?" అని దొరసాని అడిగింది.

ఏమని చెప్పాలి? ఎడమ చేయి అనాలా? వేరే పళ్లెంలో తినే పిల్ల అంతమంది ముందు నిలబడి, నాది ఎడమచేతి వాటం అని చెప్పుకోవాలా? ఇంత నోరున్నదాన్ని, ఆ ఒక్కరోజు నాకు నోరు లేదు.

పెద్దక్క చెప్పేసింది. "ఇడిసిపెట్టుండ్రి దొరసానమ్మా. పటేలు బిడ్డకు తోలు పడదు."

అంతే, తీర్పు అయిపోయింది. దొరసాని తల ఊపింది. మా ఆచారాన్ని గౌరవించానని అనుకుని ఉంటుంది, పాపం.

ఆ తర్వాత నాకు దొరికిన పని మైదానంలో సున్నం గీతలు వేయడం. పగిలిన కుండలో సున్నం పట్టుకుని సాయంత్రం అందరికన్నా ముందు వెళ్లేదాన్ని. పరుగెత్తేవాళ్లు ఆగే చోట్ల ఇసుక నింపిన గోనెసంచులు పరిచేదాన్ని. ఆ సంచుల మూతులు మేమంతా దబ్బనంతో, పురికొసతో కుట్టాం. ఆ ఒక్క పని మాత్రం నేను అందరితో కలిసి కూర్చుని చేశాను. గీతలు గీశాక ఎడమ చేయి మణికట్టు దాకా తెల్లబడేది. నూతి దగ్గర ఒక్కదాన్నే కడుక్కునేదాన్ని.

వాళ్లు ఆడుతుంటే గట్టు మీద కూర్చునేదాన్ని. బంతి పైకి లేస్తే నా చేతులు వాటంతటవే ఒడిలోంచి లేచేవి. గ్లౌజు తోలు మెత్తబడాలని వాళ్లు నువ్వుల నూనె రాసి, లోపల బంతి పెట్టి తాడుతో కట్టి, తలగడ కింద పెట్టుకుని పడుకునేవారు. హాస్టలంతా ఆ నూనె వాసనే. నా తలగడ కింద ఏమీ ఉండేది కాదు.

యుద్ధం ముదిరింది. దొరసాని వెళ్లిపోవాల్సి వచ్చింది. సామాను ఇంకో ఊరి హాస్టలుకు పంపమంది. పెట్టె సర్దే పని పెద్దక్కది, అందించే పని నాది. బండి కోసం ఆమె బయటికి వెళ్లినప్పుడు, గ్లౌజుల కుప్పలో నేనెప్పుడూ చూడని కుట్లు ఒకదాని మీద కనిపించాయి. అరచేతి వైపు తోలు విప్పి, లోపలి మెత్త తీసి, దాన్ని వెనకవైపు పెట్టి, మీద తోలు కప్పి పురికొసతో కుట్టేశారు. అందంగా లేదు. గోనెసంచి మూతిలా ఉంది. కుడిచేతికి తొడిగాను. బొటనవేలు బొటనవేలి చోటికి వెళ్లింది. మెత్త అరచేతి మీదికి వచ్చింది.

కూర్చున్న చోటు నుంచే ఒక బంతి తీసుకుని ఎడమచేత్తో గోడకు కొట్టాను. తిరిగి వచ్చి గ్లౌజులో దప్పున పడింది. మళ్లీ కొట్టాను. అవతల మనిషి లేదు, గోడే.

పెద్దక్క వచ్చింది. "ఏయ్, ఏం జేస్తున్నవే? బండొచ్చింది, తే." నా చేతిలోంచి గ్లౌజు లాక్కుని అటూ ఇటూ తిప్పింది. "ఇది ఎవరో ఖరాబు చేసిన్రు. ఇది పంపుతే పరువు పోతది." దాన్ని నావైపు విసిరేసి పెట్టె మూసింది. నేను అడుగుదామనుకునేలోపే బండి కదిలింది.

గ్లౌజు ఎల్లారెడ్డి తెచ్చుకున్నాను. హైదరాబాదులో కాలేజీకి వెళ్లినప్పుడూ పెట్టెలో అడుగున ఉంది. ఇప్పుడూ ఉంది. తోలు ఎండి బెరడులా అయింది కాని కుట్లు ఊడలేదు.

ఆ పెళ్లిలో పక్కావిడను అడిగాను, "నా గ్లౌజు ఎవరు కుట్టిన్రో నీకు తెలుసా?" అని. "ఏ గ్లౌజే? తోలు ముట్టనిదానివి, నీకు గ్లౌజెక్కడిది?" అని మళ్లీ మొదలుపెట్టింది. పెద్దక్కను అడగడానికి పెద్దక్క లేదు. ఎప్పుడో జ్వరంతో పోయిందని అక్కడే చెప్పారు.

సున్నం అంటిన నా ఎడమ చేతిని ఎవరో చూశారు. అడగకుండానే అర్థం చేసుకున్నారు. నేను అన్నం ముందు ఒక్కదాన్నే కూర్చున్న అన్ని రోజులూ ఆ మనిషి అదే గదిలో ఉంది, ఒక్క మాటా మాట్లాడలేదు. నేను వాదించగలను: కుట్టింది పెద్దక్క కాదు, తీర్పు చెప్పింది ఆమే కదా, ఖరాబైందన్నదీ ఆమే కదా. వాదన బాగానే నిలబడుతుంది. కాని గది అంత ఖాళీగా ఉండగా, ఆమె ఆ గ్లౌజును సరిగ్గా నా ఒడిలోకే ఎందుకు విసిరింది?